పీపాల బల్ల

మంగళవారం పొద్దున థర్మన్ క్రెబ్స్ కాఫీ తాగుతూ ఒక కాగితం మీద మూడు పనులు రాసుకున్నాడు. మెట్ల మీద కుర్చీ ఎక్కేలా ఏటవాలు బల్ల వేయించాలి. దుప్పట్లు ఉతకాలి. శుక్రవారం ఆర్డిత్‌ని ఇంటికి తెచ్చుకోవాలి. మూడింట్లోనూ దుప్పట్లు ఉతకడమే కష్టమనుకున్నాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, ముప్పై ఏడేళ్లు హైస్కూల్లో చరిత్ర చెప్పిన మనిషి, ఆయన లెక్క తప్పుతుందని ఆయనకు ఎవరు చెబుతారు?

ఆర్డిత్ ఆయన భార్య. ఏడు వారాల కిందట ఇంటి ముందు మెట్ల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది. ఇక చాలా నెలలు చక్రాల కుర్చీయే గతి అన్నారు. కుర్చీ లోపలికి వెళ్లే దారి ఉంటేనే ఇంటికి పంపుతామనీ, లేకపోతే అలాంటి దారి ఉన్న మరో ఇల్లు చూసుకోమనీ ఆసుపత్రి వాళ్లు మొహమాటం లేకుండా చెప్పేశారు.

ఆ ఇల్లు కార్విన్ ఊళ్లో, ఒహాయో నది గట్టున, వాటర్ స్ట్రీట్‌లో ఉంది. 1858లో కట్టిన ఎర్ర ఇటుకల ఇల్లు. వెనక తలుపు తీస్తే పద్నాలుగు మెట్లు, నేరుగా నది వైపు. పక్కింటికీ దీనికీ మధ్య సందులో పిల్లి దూరాలన్నా ఒకసారి ఆలోచించుకోవాలి. మనుషులు వెళ్లే దారల్లా ముందున్న ఐదు సున్నపురాతి మెట్లే. తొక్కీ తొక్కీ అవి మధ్యలో గిన్నెల్లా గుంటలు పడ్డాయి. పక్కన పట్టుకోవడానికి కమ్మీ లేదు. కమ్మీ పెట్టించమని ఆర్డిత్ నలభై ఆరేళ్లుగా అడుగుతూనే ఉంది. ఆ కాలంలో లేదు కాబట్టి ఇప్పుడూ ఉండకూడదని థర్మన్ నలభై ఆరేళ్లుగా చెబుతూనే ఉన్నాడు.

ఎందుకంటే ఆ వీధీ, దాని చుట్టుపక్కల మూడు వీధులూ పరిరక్షిత పేట. అక్కడ పాత ఇళ్లను పాతగానే ఉంచాలి. అందుకోసం పరిరక్షణ సంఘం పెట్టించింది థర్మనే. ఇరవై రెండేళ్లు దానికి అధ్యక్షుడిగా ఉన్నది కూడా ఆయనే. తలుపుకి ఏ రంగు వేయాలి, కిటికీకి ఎన్ని అద్దాలుండాలి, చూరు కింద చెక్క నగిషీ ఊడిపోతే మళ్లీ ఏ కర్రతో చెక్కించాలి, ఇవన్నీ చెప్పే నియమాల పుస్తకం ఆయన స్వహస్తాలతో రాసిందే. ఒకసారి మూలింటి ముసలావిడ చలికి ఆగలేక ప్లాస్టిక్ చట్రాల కిటికీలు పెట్టించుకుంటే పీకించేశాడు. ఆవిడ ఆ శీతాకాలమంతా కోటు తొడుక్కుని వంట చేసుకుంది. ఆ దారిన వెళ్లినప్పుడల్లా థర్మన్ ఆగి, పాత కిటికీలు ఎంత అందంగా ఉన్నాయో చూసి మురిసిపోయేవాడు.

ఎనిమిదింటికి వెండెల్ ట్రక్కు వచ్చి ఆగింది. వెండెల్ ఆర్డిత్ తమ్ముడు, వడ్రంగి. ఊరి బయట కొత్త కాలనీలో ఉంటాడు. ట్రక్కు నిండా చెక్క పలకలు.

"బావా, బయటికి రా! పలకలు తెచ్చా, మరలు తెచ్చా. భోజనం వేళకి బల్ల లేచిపోతుంది."

"అనుమతి ఏది? నువ్వే తెచ్చి ఉంటావనుకున్నా," అన్నాడు థర్మన్ గుమ్మంలోంచి.

"ఎవరి అనుమతి? అక్క నిన్ననే సరేనంది."

"మీ అక్కది కాదు, సంఘానిది. వీధిలోంచి కనబడేచోట కొత్తది ఏది పెట్టినా సంఘం ఒప్పుకోవాలి. సంఘం నెలకోసారే కూర్చుంటుంది, మొదటి మంగళవారం. అది పోయిన వారమే అయిపోయింది."

"అయితే అక్కని వచ్చే నెల దాకా వీధి చివర నిలబెడదామా? నిలబడలేదు కూడా పాపం."

"వేళాకోళం వద్దు వెండెల్."

"వేళాకోళం నాదా, నీదా? వేసేస్తే ఎవడు చూడొచ్చాడు బావా?"

"నేను చూస్తాను," అన్నాడు థర్మన్.

వెండెల్ టోపీ తీసి తల గోక్కుని మళ్లీ పెట్టుకున్నాడు. "సరే. శుక్రవారం దాకా చూస్తా. నీ పెళ్లాం లోపలికి వెళ్లే దారి కనబడకపోతే మా ఇంటికి తీసుకుపోతా. మా గుమ్మానికి ఒక్కటే మెట్టు. ఏ కాలంలో కట్టిందో నాకూ తెలీదు, దానికీ తెలీదు." ట్రక్కు తిప్పుకుని వెళ్లిపోయాడు.

థర్మన్ లోపలికి వచ్చి తలుపేసుకున్నాడు. వెండెల్ ఇంటి గోడలకు తెల్లటి ప్లాస్టిక్ రేకులు తొడిగి ఉంటాయి. ఆ ఇంట్లో ఆర్డిత్ ఉండటమేమిటి? అంతకన్నా పెద్ద భయం ఇంకొకటుంది. అక్కడికి వెళ్తే ఆవిడ మళ్లీ రాదేమో! ఏడు వారాలుగా ఒక్కడే వండుకుని, ఒక్కడే తిని, ఖాళీ కుర్చీతో వాదించి వాదించి ఆయన ప్రాణం విసిగిపోయింది. అలాగని సంఘం ముందుకెళ్లి మినహాయింపు అడగడానికి మనసొప్పలేదు. ఇరవై రెండేళ్లు ఎవరికీ ఇవ్వని మినహాయింపు తన దాకా వచ్చేసరికి అడిగితే మూలింటి ముసలావిడ నవ్వదా?

అప్పుడు తన పుస్తకమే ఆయన్ని ఆదుకుంది. కొత్తది పెట్టడానికే సంఘం కూర్చోవాలి. ఒకప్పుడు ఉండి పోయినదాన్ని తిరిగి పెట్టడానికి ఇప్పటి అధ్యక్షురాలి సంతకం ఒక్కటి చాలు. మెట్ల మీద ఎప్పుడో ఒకప్పుడు బల్ల ఉండేదని రుజువు చూపిస్తే సరిపోతుంది. థర్మన్ కోటు తొడుక్కుని ఊరి మ్యూజియానికి పరిగెత్తాడు. దుప్పట్లు అలాగే ఉండిపోయాయి.

మధ్యాహ్నం మూడింటికి దొరికింది. 1880ల నాటి ఫోటో. ఇదే ఇల్లు, ఇవే మెట్లు. మెట్ల మీదుగా తలుపు నుంచి కిందికి ఏటవాలుగా ఒక బల్ల. బల్ల మీద ఒక పీపా, దాన్ని పట్టుకుని ఒక మనిషి. థర్మన్‌కి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తర్వాత ఫోటో ఎడమ మూల చూశాడు. అక్కడ దీపస్తంభానికి ఒక పడవ కట్టి ఉంది. మెట్ల కిందంతా నీళ్లు. అది వరద రోజు తీసిన ఫోటో. మునిగిపోతున్న ఇంట్లోంచి ఎవరో పాపం పిండి పీపాను కాపాడుకుంటున్నారు. ఆ బల్ల బతుకు మహా అయితే ఒక పూట.

చరిత్ర మాస్టారు చాలాసేపు ఆ ఫోటో పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత జీవితంలో మొదటిసారి చేయకూడని పని చేశాడు. నకలు తీసేటప్పుడు పడవా, నీళ్లూ రాకుండా అంచులు మడిచాడు.

ఇప్పటి సంఘం అధ్యక్షురాలు జోనెల్ హ్యూబర్ ఒకప్పుడు ఆయన దగ్గరే చదువుకుంది. ఊరి లైబ్రరీలో పని చేస్తుంది. యాభై దాటినా మాస్టారు కనబడితే ఇప్పటికీ లేచి నిలబడుతుంది. నకలు చూడగానే చేత్తో నోరు మూసుకుంది.

"మాస్టారూ! పీపాల బల్ల! అంటే మీది ఉత్త ఇల్లు కాదు. కింద సరుకుల కొట్టు! నది వ్యాపారం! ఇన్నేళ్లూ ఎవరికీ తెలియలేదు."

"అదంతా తర్వాత చూద్దాంలే అమ్మాయ్. బల్ల తిరిగి పెట్టించాలనుకుంటున్నా. నువ్వొక సంతకం పెడితే..."

"సంతకమా? సంతకంతో సరిపెడతామా? మీరు ఇంట్లో ఒంటరిగా ఉండి కూడా పేట కోసం ఇంత వెతికారు. మేమే చేయించి పెడతాం! మీకెప్పటికి కావాలి?"

"శుక్రవారానికి," అన్నాడు థర్మన్. చక్రాల కుర్చీ మాట నోటి చివరి దాకా వచ్చింది. అక్కడే మింగేశాడు. ఆ మాట అంటే, ఫోటో ఎందుకు వెతికాడో తెలిసిపోతుంది కదా!

బుధవారం పొద్దున్నే ముగ్గురు సంఘ సభ్యులు టేపులు పట్టుకుని మెట్ల మీద వాలారు. ఫోటోలో మనిషి బూటు పొడవుతో పోల్చి బల్ల వెడల్పు లెక్కగట్టారు. పదహారు అంగుళాలు వచ్చింది. వాలు చూస్తే ఇంటి కప్పుకున్నంత ఉంది. ఆసుపత్రి కుర్చీ వెడల్పు ఇరవై ఆరు అంగుళాలని థర్మన్ జేబులో కాగితం చెబుతోంది.

"ఇంకాస్త వెడల్పు ఉండేదేమో," అన్నాడు గొంతు సవరించుకుని. "ముప్పై ఆరు అంగుళాలు, అలా."

జోనెల్ ఆయన వైపు అయోమయంగా చూసి, ఫక్కున నవ్వింది. "నన్ను పరీక్షిస్తున్నారు కదూ! మీ క్లాసులోనూ ఇంతే, కావాలని తప్పు చెప్పి ఎవరు పట్టుకుంటారా అని చూసేవారు. పదహారే మాస్టారూ."

"పదహారే," అన్నాడు థర్మన్. నిజంగా పదహారే మరి. "పోనీ పక్కన కమ్మీ ఏమైనా..."

"కమ్మీనా? ఆ కాలంలో ఎక్కడుంది?" అన్నారు ముగ్గురూ ఒకేసారి. తన పాఠం వాళ్లకి ఇంత బాగా వచ్చినందుకు సంతోషించాలో ఏడవాలో ఆయనకు తెలియలేదు.

ముందు బల్లంటూ పడనీ, తర్వాత అటూ ఇటూ రెండు పలకలు వేసి వెడల్పు చేసుకుంటానని మనసులో సర్దిచెప్పుకున్నాడు. గురువారం ఎవరిదో పాత గాదె విప్పిన ఓక్ దూలం వచ్చింది. దాన్ని రంపంతో కాదు, ఆనాటి పద్ధతిలో బాడిశతో చెక్కారు. కమ్మరి ఇనప మేకులు కొట్టి తెచ్చాడు. మెట్ల రాయికి బెజ్జాలు వేసి బల్లను బిగించేశారు. సాయంత్రానికి ఐదు మెట్ల నడుమ బల్ల, అటు పక్క ఒక పాదం, ఇటు పక్క ఒక పాదం పట్టే చోటు మిగిలింది. ఉత్తరాలబ్బాయి రెండుసార్లు ఎక్కబోయి, ఉత్తరాలు కింద పెట్టి రాయి బరువు ఉంచి పోయాడు. జోనెల్ ఒక కాగితం తెచ్చి ఇచ్చింది. ఇది అసలైన చారిత్రక భాగమనీ, దీన్ని కప్పడం, కదల్చడం, దీనికి ఏదైనా తగిలించడం చేయబోననీ ఇంటి యజమాని ఒప్పుకునే కాగితం. ఆ వాక్యాలు రాసింది థర్మనే, పందొమ్మిదేళ్ల కిందట. సంతకం పెట్టకపోతే రాత్రికి రాత్రి బల్ల విప్పేయాల్సి వస్తుందని నియమం. అదీ ఆయన రాసిందే. పెట్టాడు.

ఆ సాయంత్రం ఆర్డిత్ ఫోన్ చేసింది.

"బల్ల అయిందా?"

"అయింది. ఓక్ కర్ర. నూట ఇరవై ఏళ్ల దూలం."

"దూలాన్ని నేనేం చేసుకోను? కుర్చీ ఎక్కుతుందా?"

"వచ్చాక చూద్దువుగాని."

"థర్మన్," అంది ఆర్డిత్, "వచ్చాక చూద్దువుగాని అని నువ్వన్నవేవీ నేను ఇంతవరకు సంతోషంగా చూడలేదు." ఫోన్ పెట్టేసింది.

శుక్రవారం పదకొండింటికి ఆసుపత్రి వ్యాను వాటర్ స్ట్రీట్‌లోకి వచ్చేసరికి ఇంటి ముందు అరవై మంది జనం ఉన్నారు. బడి బ్యాండు వాయిస్తోంది. ఒక పక్క డోనట్లూ, ఆపిల్ రసమూ పెట్టారు. ఊరి పత్రికవాడు కెమెరాతో మోకాళ్ల మీద కూర్చున్నాడు. తలుపు దగ్గర పైన జోనెల్, పక్కన ఒక పీపా. అసలు బరువు రావాలని దాని నిండా నీళ్లు పోయించింది. అటూ ఇటూ వేయడానికి తెచ్చుకున్న పలకలు పట్టుకుని పొద్దుటి నుంచి వెనక మెట్ల మీద కూర్చున్న థర్మన్‌కి ఈ వేడుక సంగతి బ్యాండు మోగాకే తెలిసింది. మాస్టారికి ఆశ్చర్యం కలిగించాలని దాచిపెట్టారట.

డ్రైవరు కుర్చీని నెమ్మదిగా రోడ్డు మీదకు దించాడు. ఆర్డిత్ జనాన్ని చూసింది, బ్యాండును చూసింది. మొహం మెత్తబడింది. "నా కోసమేనా ఇదంతా?" అంది. వెండెల్ తన ట్రక్కులోంచి దిగి, మెట్ల వైపు చూసి, టోపీ తీసి తల గోక్కున్నాడు.

"మన థర్మన్ మాస్టారి కానుక!" అని అరిచి జోనెల్ పీపాను తోసింది.

పదహారు అంగుళాల బల్ల మీద పీపా పిచ్చెక్కినట్టు దిగింది. కింద ఆపడానికి నిలబెట్టిన ఇద్దరూ ఆఖరి క్షణంలో తమ కాళ్ల మీద ప్రేమ పుట్టి పక్కకు గెంతారు. పీపా ఇటుకల రోడ్డు మీద ఎగిరెగిరి పడుతూ వెళ్లి వ్యాను ఇనప మెట్టుకు కొట్టుకుని పగిలింది. నీళ్లన్నీ ఆర్డిత్ ఒళ్లోకి వచ్చాయి. అదీ వేడుకలో భాగమేననుకుని జనం చప్పట్లు కొట్టారు. బ్యాండు ఇంకొంచెం గట్టిగా వాయించింది.

థర్మన్ అందరినీ తోసుకుంటూ వచ్చాడు. "ఆపండి! అది పీపాలకి కాదు. కుర్చీకి! ఆర్డిత్ కుర్చీ కోసం నాకు బల్ల కావాల్సి వచ్చింది!"

బ్యాండు ఆగిపోయింది. జోనెల్ ఒక పాదం ఒక పాదంగా మెట్లు దిగి వచ్చింది. "మాస్టారూ, కుర్చీ కోసమైతే ఈ గొడవంతా ఎందుకు? కుర్చీల కోసం వేసే చెక్క బల్లలకి అనుమతే అక్కర్లేదు. రెండేళ్ల కిందటే మార్చాం. కొత్త పుస్తకం మీకు మొట్టమొదట పంపింది నేనే కదా!"

పంపింది నిజమే. కవరు విప్పకుండా థర్మన్ దాన్ని అటక మీద పడేశాడు. తను రాసిన పుస్తకాన్ని దిద్దేంత వాళ్లెవరని ఆయనకు కడుపుమంట. మంగళవారం పొద్దున వెండెల్‌ని వద్దనకుండా ఉంటే భోజనం వేళకి అంతా అయిపోయి ఉండేది.

"అయితే ఇది తీయించెయ్. ఇప్పుడే వేరేది వేసేస్తాం. వెండెల్, పలకలు!"

"ఇప్పుడెలా తీస్తాం?" అంది జోనెల్. "నిన్న మీరే సంతకం పెట్టారు. ఇప్పుడది అసలైన చారిత్రక భాగం. తాకాలంటే రాష్ట్రం వాళ్లు ఒప్పుకోవాలి. ఏడాది పడుతుంది, ఒప్పుకుంటే."

థర్మన్ ఇక దాచలేకపోయాడు. "అది చారిత్రకమూ కాదు, పాడూ కాదు. వరద రోజు ఎవరో వేసుకున్న బల్ల. ఫోటోలో నీళ్లున్నాయి, పడవ ఉంది. నేనే కనబడకుండా మడిచాను. అబద్ధం చెప్పాను జోనెల్. అందరి ముందూ చెబుతున్నా."

జోనెల్ కళ్లు మెల్లగా పెద్దవయ్యాయి.

"పడవ ఉందా?" అంది. "మెట్ల దాకా నీళ్లున్నాయా? మాస్టారూ, అంటే ఇంటి ముందే రేవు! పీపాలు నేరుగా పడవలోకే దించేవారన్నమాట!" పత్రికవాడు గబగబా రాసుకున్నాడు. ఎవరో మళ్లీ చప్పట్లు మొదలుపెట్టారు.

"పోనీ అందరం పట్టి కుర్చీని ఎత్తేద్దాం," అన్నారు ఇద్దరు ముగ్గురు మంచివాళ్లు.

"ఆగండి," అంది ఆర్డిత్. ఒళ్లోంచి నీళ్లు కారుతుంటే కుర్చీలో నిటారుగా కూర్చుంది. "ఎత్తి లోపల పడేస్తారు. రేపు డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే ఎవరు దించుతారు? ఆ పీపాని దించినట్టు దొర్లిస్తారా?" తర్వాత మొగుడి వైపు తిరిగింది. "ఆ మెట్లకి ఒక కమ్మీ అడిగాను. నలభై ఆరేళ్లు అడిగాను. లేదు కాబట్టి పెట్టనన్నావు, పడ్డాను. ఇప్పుడు లేనిదాన్ని ఉందని పుట్టించి పెట్టావు, అది మాత్రం నాకు పనికిరాకుండా చూసుకున్నావు. వెండెల్, పద. చలేస్తోంది."

"ఆర్డిత్, నీ కోసమే చేశాను," అన్నాడు థర్మన్.

"తెలుసు. అందుకే తిట్టడం లేదు," అంది ఆవిడ. వ్యాను తలుపు మూసుకుంది.

వెండెల్ తన గుమ్మం ముందున్న ఒక్క మెట్టు మీదా ఆ సాయంత్రమే బల్ల వేశాడు. గంట కూడా పట్టలేదు. థర్మన్ రోజూ మధ్యాహ్నం వెళ్లి భార్య దగ్గర కూర్చుంటాడు. ఆకులు రాలే వేళకు ఆవిడ చేతికర్ర పట్టుకుని గదిలో నాలుగడుగులు వేయసాగింది. చలి మొదలైన ఒకరోజు అంది, "నువ్వే ఇక్కడికి వచ్చేయకూడదూ? పక్క గది ఖాళీగానే ఉంది."

థర్మన్ కిటికీ వైపు చూశాడు. బయట గోడకు అటూ ఇటూ రెండు ఆకుపచ్చ తలుపులు అందానికి మేకులతో కొట్టేసి ఉన్నాయి. "ఆ కిటికీ తలుపులు మూసుకోవు," అన్నాడు.

"మూసుకోవు," అంది ఆర్డిత్. "వీధి తలుపు మాత్రం తెరుచుకుంటుంది." తన కాఫీ తను తాగింది. ఆయన చీకటి పడకముందే లేచి ఇంటికి వెళ్లిపోయాడు.

శని ఆదివారాల్లో వాటర్ స్ట్రీట్‌కి బస్సుల్లో జనం వస్తున్నారు. బల్ల దగ్గర నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. కొందరు పిల్లల్ని దాని మీద ఎక్కించబోతున్నారని సంఘం ఇత్తడి ఫలకం పెట్టించింది. దాని మీద మాటలు అంత కచ్చితంగా రాయగలవాళ్లు ఊళ్లో మరొకరు లేరని జోనెల్ వచ్చి థర్మన్‌నే అడిగింది. ఆయన ఒక పూటంతా కూర్చుని రాసిచ్చాడు: "చారిత్రక పీపాల బల్ల. ఈ ఇంట్లోకి దారి కాదు." అందులో ఒక్క అచ్చుతప్పు కూడా లేదు.